ఉత్తరం ఎవరి చేతుల మీదుగా వెళ్లింది? సునీల్ బాత్రా కేసుపై ఒక జైలు న్యాయవాది కేస్ స్టడీ

1979లో తీహార్ జైలు నుంచి మరణశిక్ష పడిన సునీల్ బాత్రా అనే ఖైదీ సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. తనను ఉరి నుంచి తప్పించమని రాసిన ఉత్తరం కాదది. తోటి ఖైదీని ఒక హెడ్ వార్డర్ చిత్రహింస పెట్టాడని, ఆ మనిషిని చూడటానికి వచ్చే బంధువుల దగ్గర డబ్బు గుంజడం కోసమే ఈ పని చేశాడని రాశాడు. కోర్టు ఫీజు స్టాంపు, న్యాయవాదికి అధికారమిచ్చే వకాలత్నామా, ప్రమాణపత్రం ఏవీ లేని ఆ కాగితమే ప్రాథమిక హక్కుల రక్షణ కోరే రిట్ పిటిషన్‌గా మారింది. అదే ఏడాది డిసెంబరు 20న తీర్పు వచ్చింది. న్యాయశాస్త్ర విద్యార్థులు దాన్ని రెండో సునీల్ బాత్రా కేసు అని చదువుకుంటారు.

నేనూ అలాగే చదువుకున్నాను. పరీక్షకు నాలుగు లైన్లు గుర్తుంచుకుని మరిచిపోయాను. ఉచిత న్యాయసహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదిగా నెలకు రెండు శనివారాలు ఒక జైలుకు వెళ్లడం మొదలుపెట్టి, ఖైదీల ఉత్తరాలు నా చేతికి రావడం మొదలయ్యాకే ఆ తీర్పును మళ్లీ తెరిచాను. అప్పటికే నా వల్ల ఒక ఖైదీకి నష్టం జరిగింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. దాని కోసమే ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను.

సాధారణంగా ఈ కేసును 'ఉత్తరం కూడా పిటిషనే' అన్న సూత్రం కోసం చెప్పుకుంటారు. నా దృష్టిలో అందులో అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. జైలు నుంచి బయలుదేరిన ఉత్తరం ఎవరి చేతుల మీదుగా వెళుతుంది, దానికి జవాబుగా లోపలికి ఎవరు వస్తారు అన్న రెండు ప్రశ్నలు ఆ తీర్పు నిండా ఉన్నాయి. కాగితంలో ఎంత నిజం ఉన్నా ఈ రెండూ సరిగ్గా లేకపోతే రాసినవాడికి దక్కేది కష్టమే.

ఉత్తరం అందుకున్న మనిషి

బాత్రా ఎవరికి రాశాడో తీర్పులో పేరు లేదు. 'ఈ కోర్టు న్యాయమూర్తుల్లో ఒకరికి' అని మాత్రమే ఉంది. ఆ తీర్పు రాసింది వి.ఆర్. కృష్ణయ్యర్. ఖైదీల మాట వినే న్యాయమూర్తిగా జైళ్లలో ఆయన పేరు అప్పటికే పాకింది.

ఆయనకు జైలు అన్నది పుస్తకాల్లో చదివి తెలుసుకున్న విషయం కాదు. మలబారులో న్యాయవాదిగా ఉండగా, కమ్యూనిస్టులకు న్యాయసహాయం చేశారన్న ఆరోపణపై 1948లో ఆయన్నే అరెస్టు చేసి జైలులో పెట్టారు. 1957లో కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గం ఏర్పడినప్పుడు న్యాయశాఖతో పాటు జైళ్ల శాఖ కూడా ఆయన చేతికి వచ్చింది. ఒకప్పుడు ఖైదీగా గడిపిన మనిషి తర్వాత జైళ్ల మంత్రి అయ్యారు, ఆ తర్వాత 1973లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. తాళం రెండు వైపుల నుంచీ ఎలా ఉంటుందో ఎరిగినవారు. ఆయన ఇంగ్లీషు చాలా బరువుగా ఉంటుంది, నాలాంటివాళ్లు నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాలి. కానీ ఆదేశాల దగ్గరికి వచ్చేసరికి ఆయన భాష జైలు గుమాస్తాకు కూడా అర్థమయ్యేంత సూటిగా మారిపోతుంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక దగ్గరి సంబంధం ఉంది. ఆ కేసు విన్న ముగ్గురు న్యాయమూర్తుల్లో కృష్ణయ్యర్, ఆర్.ఎస్. పాఠక్‌లతో పాటు అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టిన ఓ. చిన్నపరెడ్డి ఒకరు. అంతకు ముందు మన హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఖైదీ హక్కుల మీద సుప్రీంకోర్టు తొలి మాటల్లో ఒకటి కూడా మన గడ్డ నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. విశాఖపట్నం సెంట్రల్ జైలులో ఉన్న నక్సలైటు ఖైదీలు, గోడ మీద కరెంటు తీగ పెట్టడాన్ని, చుట్టూ సాయుధ పోలీసులను నిలపడాన్ని సవాలు చేశారు. 1974లో వెలువడిన ఆ భువన్ మోహన్ పట్నాయక్ తీర్పులో ఖైదీలు అడిగింది దక్కలేదు. అయినా శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవు అన్న మాట అందులో స్థిరపడింది. ఓడిపోయిన కేసు తర్వాతివాళ్లకు ఆధారమైంది. మూడేళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో, ఉద్యోగాలు ఇప్పిస్తానని నిరుద్యోగులను మోసగించిన యువకుడి శిక్షను నిర్ణయిస్తూ, శిక్ష ఉద్దేశం మనిషిని బాగుచేయడమేనని కృష్ణయ్యర్ విస్తారంగా రాశారు. ఇలాంటి తీర్పులు పత్రికల ద్వారా, కోర్టుకు వెళ్లివచ్చే ఖైదీల ద్వారా లోపలికి చేరతాయి. ఏ న్యాయమూర్తి ఎలాంటివారో బార్ అసోసియేషన్‌లో కన్నా బ్యారక్‌లోనే ముందు తెలుస్తుందని నా అనుభవం.

బాత్రా మొదటి పోరాటం

ఆ ఉత్తరానికి ముందే బాత్రా ఒకసారి సుప్రీంకోర్టు చూశాడు. సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసిన నాటి నుంచే అతన్ని ఒంటరి గదిలో పెట్టారు. 1894 నాటి జైళ్ల చట్టం 30వ సెక్షన్ ప్రకారం మరణశిక్ష కింద ఉన్న ఖైదీని మిగతావారికి దూరంగా, రాత్రింబవళ్లు కాపలాలో ఉంచాలని అధికారుల వాదన. ఆ కేసు వింటున్న న్యాయమూర్తులు 1978 జనవరిలో స్వయంగా తీహార్ వెళ్లి ఆ గది చూసివచ్చారు. ఆగస్టు 30న రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అప్పీళ్లు, క్షమాభిక్ష అన్నీ ముగిసి శిక్ష ఖాయమయ్యే దాకా ఆ మనిషి 'మరణశిక్ష కింద ఉన్నవాడు' కాడని, ఈ సెక్షన్ ఏకాంత నిర్బంధానికి అధికారం ఇవ్వదని తేల్చింది.

ఈ నేపథ్యం లేకుండా రెండో ఉత్తరం అర్థం కాదు. రాస్తే చదువుతారని, అవసరమైతే న్యాయమూర్తులే వచ్చి చూస్తారని బాత్రాకు అనుభవంలో తెలుసు. ఇంకో విషయం, అతను ఏకాంతం నుంచి బయటపడ్డాడు కాబట్టే పక్కవాడికి ఏం జరిగిందో చూడగలిగాడు, వినగలిగాడు. మొదటి తీర్పు అతనికి మనుషుల మధ్య చోటు ఇచ్చింది. ఆ చోటులో నిలబడి అతను మరొకడి కోసం సాక్షి అయ్యాడు.

కోర్టు ఇచ్చిన జవాబు

గాయపడిన ఖైదీ పేరు తీర్పులో ఉంది. నేను ఇక్కడ రాయను. ఆ గాయం అలాంటిది. కర్రను శరీరంలోకి జొప్పించి చేసిన గాయం, ఆగని రక్తస్రావం. పేరు పెట్టి ఆ వివరాన్ని మళ్లీ మళ్లీ చెప్పడం ఆ మనిషికి ఇంకోసారి చేసే అవమానంగా నాకు అనిపిస్తుంది.

ఉత్తరం అందాక కోర్టు ముందు ఒక తేలికైన మార్గం ఉండింది. దాన్ని జైలు శాఖకు పంపి 'నివేదిక ఇవ్వండి' అని అడగవచ్చు. మన కార్యాలయాలన్నింటిలో జరిగేది ఇదే. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల బల్ల మీదికే ఫిర్యాదు తిరిగి చేరుతుంది. కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది, కానీ అంతటితో ఆగలేదు. వై.ఎస్. చితాలే, ముకుల్ ముద్గల్ అనే ఇద్దరు న్యాయవాదులను కోర్టు సహాయకులుగా నియమించి, జైలు లోపలికి వెళ్లడానికి, ఖైదీతో మాట్లాడటానికి, రికార్డులు చూడటానికి, సాక్షులను ప్రశ్నించడానికి అధికారం ఇచ్చింది.

వాళ్లు వెళ్లి తెచ్చిన నివేదికే కేసును నిలబెట్టింది. గాయం నిజం. రక్తం ఆగకపోతే ముందు జైలు ఆసుపత్రికి, తర్వాత ఇర్విన్ ఆసుపత్రికి తరలించారు. అంతకన్నా ముఖ్యంగా, జరిగిన దాన్ని కప్పిపుచ్చడానికి ఖైదీనీ జైలు డాక్టర్‌నూ భయపెట్టే ప్రయత్నాలు జరిగాయని వాళ్లు చెప్పారు. కింద పడ్డాడని ఒక కథ. తనకు తానే చేసుకున్నాడని ఇంకొకటి. మూలవ్యాధి అని మరొకటి. ఒకే గాయానికి మూడు కారణాలు పుట్టాయంటే ఆ కార్యాలయంలో ఎంత భయం తిరుగుతూ ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. జైలు రిజిస్టర్లలో 'జారిపడ్డాడు' అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు ఈ పేరాలే గుర్తుకు వస్తాయి. మూత్రశాల దగ్గర జారిపడి వీపుకు రెండు పక్కలా ఒకే కొలత వాతలు పడిన మనిషిని నేను చూశాను.

ఆ ఖైదీని చట్టవిరుద్ధంగా హింసించారని కోర్టు తేల్చింది. సూపరింటెండెంట్ తానుగా అందులో పాల్గొనకపోయినా, కళ్లు తెరుచుకుని ఉండకపోవడం కూడా ఒక మేరకు తప్పేనంది. అప్పటిదాకా హెబియస్ కార్పస్ అంటే అక్రమంగా బంధించిన మనిషిని విడిపించే రిట్ అనే చాలామంది ఎరుగుదురు. ఇక్కడ నిర్బంధం సక్రమమే, శిక్ష కోర్టు వేసిందే. అయినా ఆ నిర్బంధంలో మనిషిని ఎలా చూస్తున్నారో కూడా ఈ రిట్ కింద పరిశీలించవచ్చని కోర్టు చెప్పింది. నా వృత్తిలో రోజూ అక్కరకు వచ్చే మాట అది.

ఆదేశాలు, తాళంచెవి

ఇక ఆదేశాలు. వీటిని తొందరపడకుండా చదవాలి.

జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి, హైకోర్టు, సుప్రీంకోర్టు నియమించిన న్యాయవాదులకు ఖైదీలను కలిసే వీలు, రహస్యంగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే వీలు కల్పించాలి. క్రమశిక్షణ, భద్రతలకు లోబడి. ఆ న్యాయవాదులు అప్పుడప్పుడూ జైలుకు వెళ్లి, చూసింది రాసి, సంబంధిత కోర్టుకు నివేదించి తీరాలి. అంటే వెళ్లడం మా దయ కాదు, విధి.

మూడు నెలల్లోగా జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలి. అవి జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జిల ఆధ్వర్యంలో ఉండాలి, తగినంత తరచుగా తెరవాలి, ప్రతి ఖైదీకీ అందుబాటులో ఉండాలి. చాలామంది ఈ ఆదేశంలో 'పెట్టె' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. అందులో అసలు సంగతి ఆధ్వర్యం. పెట్టె జైలులో ఉంటుంది, దాని తాళంచెవి జైలులో ఉండకూడదు.

ఏకాంత గది, కఠినమైన పని, తిండిలో కోత, సౌకర్యాల నిరాకరణ, శిక్షగా పనిచేసే బదిలీ, వీటిలో ఏదైనా సెషన్స్ జడ్జి పరిశీలన లేకుండా జరగకూడదు. అత్యవసరమై ముందుగా అనుమతి తీసుకోలేకపోతే రెండు రోజుల్లోగా జడ్జికి తెలపాలి. ఉత్తరం రాసినవాడి మీద కక్ష తీర్చుకునే మార్గాలన్నీ ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి. జైలులో కక్ష కొట్టడంగానే కనిపించదు. గ్రంథాలయం పని తీసేసి ఊడ్చే పనిలో వేస్తారు. ఇంటికి ఆరు గంటల దూరంలో ఉన్న మరో జైలుకు పంపుతారు, ఆ తర్వాత తల్లి అతన్ని చూడటానికి ములాఖత్‌కు రాలేకపోతుంది. తీర్పు రాసినవారికి ఇదంతా తెలుసు. లోపల గడిపినవారికి తెలియకుండా ఉంటుందా?

ఖైదీల కోసం హిందీలో చేతి పుస్తకం తయారు చేసి పంచాలని, జైలులో గోడపత్రిక ఉండాలని కూడా చెప్పారు. సొంత భాషలో తన హక్కులు చదువుకోలేని ఖైదీ ఏం రాస్తాడు, ఎవరికి రాస్తాడు? మన జైళ్లలో తెలుగు రాని ఒడియా, హిందీ ఖైదీలను చూసినప్పుడల్లా ఈ ఆదేశం ఎంత దూరం చూసి రాశారో అనిపిస్తుంది.

ఆ తర్వాత ఉత్తరాలు ఆగలేదు. తీహార్‌లోనే ఉన్న ప్రేమ్ శంకర్ శుక్లా అనే విచారణ ఖైదీ, కోర్టుకు తీసుకెళ్లేటప్పుడు తనకు బలవంతంగా బేడీలు వేస్తున్నారని టెలిగ్రామ్ ఇచ్చాడు. 1980 ఏప్రిల్‌లో అదే ముగ్గురు న్యాయమూర్తులు బేడీలు మామూలు పద్ధతిగా వేయడం కుదరదని తీర్పు చెప్పారు. అదే సంవత్సరం ఇచ్ఛుదేవి కేసులో జస్టిస్ భగవతి, జైలు నుంచి వచ్చిన పోస్టుకార్డు కూడా ఈ కోర్టును కదిలించడానికి సరిపోయిందని రాశారు. 1988 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఏ ఉత్తరాలను ప్రజాప్రయోజన వ్యాజ్యాలుగా తీసుకోవాలో మార్గదర్శకాలు పెట్టుకుంది. జైలులో వేధింపులు, జైలు మరణాలు, ముందస్తు విడుదల, సత్వర విచారణ గురించి వచ్చే ఉత్తరాలకు అందులో ప్రత్యేకంగా చోటుంది. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడిన దారి కొంతవరకు కార్యాలయ పద్ధతిగా మారింది.

కొంతవరకే. బెంగళూరు సెంట్రల్ జైలు నుంచి రామమూర్తి అనే ఖైదీ 1984 ఏప్రిల్‌లో భారత ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. చేసిన పనికి తగిన కూలి ఇవ్వడం లేదని, తిండి తినేలా లేదని, హింస ఉందని. జిల్లా జడ్జి వెళ్లి చూసి నివేదిక ఇచ్చారు. తుది తీర్పు 1996 డిసెంబరులో వచ్చింది. పన్నెండేళ్లు! ఆ తీర్పు జైళ్ల ప్రధాన సమస్యలు తొమ్మిదింటిని గుర్తించింది, వాటిలో బయటి ప్రపంచంతో ఖైదీకి సంబంధాలు సరిగ్గా లేకపోవడం ఒకటి. అన్ని జైళ్లలో ఫిర్యాదుల పెట్టె విధానం పెట్టడాన్ని పరిశీలించాలని కూడా చెప్పింది. 1979లో మూడు నెలల గడువుతో వచ్చిన పెట్టె ఆదేశం, పదిహేడేళ్ల తర్వాత మళ్లీ పరిశీలన దశలో కనిపించడం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

తీహార్‌లోనూ అంతే. 1993లో కిరణ్ బేడీ అక్కడ జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేరాక, బ్యారక్‌ల మధ్య తిరిగే ఫిర్యాదుల పెట్టెను మొదలుపెట్టారు. అందులోని కాగితాలు కింది సిబ్బంది చేతుల్లో పడకుండా నేరుగా ఆమె దగ్గరికి చేరేలా ఏర్పాటు చేశారు. పెట్టె ఒకచోట ఉంటే దాని దగ్గరికి ఎవరు నడిచి వెళ్లారో అందరికీ కనిపిస్తుంది. పెట్టే నడిచి వస్తే ఆ జాడ ఉండదు. బాత్రా ఉత్తరం బయలుదేరిన జైలులోనే, పద్నాలుగేళ్ల తర్వాత, అదే సమస్యకు ఒక అధికారి కొత్తగా పరిష్కారం వెతకాల్సి వచ్చిందన్నది ఇందులో గమనించాల్సిన విషయం. సానుభూతి గల మనిషి ఉన్నంతకాలం దారి తెరిచి ఉంటుంది. ఆ మనిషి వెళ్లిపోయాక గడ్డి మొలుస్తుంది.

నా వల్ల జరిగింది

ఇప్పుడు నా సంగతి. ఊరు, జైలు పేర్లు చెప్పను.

నేను వెళ్లే బ్యారక్‌లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఒక ఖైదీ ఉండేవాడు. డిగ్రీ మధ్యలో ఆగిపోయిన మనిషి. చదువు రానివాళ్ల ఉత్తరాలు, బెయిలు దరఖాస్తులు అన్నీ అతనే రాసిపెట్టేవాడు. గుండ్రటి అక్షరాలు, ప్రతి పేజీకి ఎడమ పక్క గీసిన మార్జిన్. గ్రంథాలయంలో పని కాబట్టి కాగితం, పెన్ను దొరికేవి. ఒక శనివారం అతను నా చేతిలో నాలుగు మడతల కాగితం పెట్టాడు. వాళ్ల బ్యారక్‌లోని ఒక పెద్దాయనకు హెర్నియా, ఆపరేషన్ చేయాలని జిల్లా ఆసుపత్రిలో చెప్పి నెలలు గడిచాయి, ఎస్కార్ట్ పోలీసులు లేరంటూ ప్రతిసారీ వాయిదా వేస్తున్నారు. రాత్రిళ్లు ఆయన మూలుగు విని తామంతా మేలుకునే ఉంటున్నామని రాశాడు. కింద తన పేరు, ఖైదీ నంబరు రాసి సంతకం పెట్టాడు. దాచాల్సిన అవసరం ఉందని అతనికి తోచలేదు. అంతకన్నా దారుణం, నాకూ తోచలేదు.

నేను ఆ ఉత్తరం నకలు తీయించి, పైన ఒక విజ్ఞాపన రాసి జైలు కార్యాలయంలో ఇచ్చాను. త్వరగా పని జరగాలని. పని త్వరగానే జరిగింది. పెద్దాయనను రెండు వారాల్లోగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను సంతోషపడ్డాను.

తర్వాత వెళ్లిన శనివారం రాసిన మనిషి కనిపించలేదు. పెద్దాయనే చెప్పాడు.

"అతన్ని వెనక బ్యారక్‌కు మార్చారమ్మా. లైబ్రరీ పని తీసేశారు. నా గురించి రాసినందుకే అంటున్నారు. ఈ ఆపరేషన్ లేకపోయినా బాగుండేది."

కార్యాలయంలో అడిగితే పరిపాలనాపరమైన కారణాలని చెప్పారు. నోటిమాటే, కాగితం లేదు. ఆ తర్వాత మూడు నెలలు ఆ జైలు నుంచి నాకు ఒక్క ఉత్తరం రాలేదు. నేను వెళ్లినప్పుడు "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడిగితే అందరూ బాగానే ఉందనేవారు. అంత బాగుండటం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడే తీర్పు తెరిచాను.

నేను చేసిన తప్పు సరిగ్గా సుప్రీంకోర్టు 1979లో చేయకుండా జాగ్రత్తపడిన పని. ఫిర్యాదును ఫిర్యాదుకు గురైనవారి బల్ల మీదికే, అదీ రాసినవాడి పేరుతో సహా, నా చేతులతో నేనే చేర్చాను. రహస్యంగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే హక్కు న్యాయవాదిగా నాకు ఉంది. దాన్ని కాపాడాల్సిన నేనే వదిలేశాను.

సెషన్స్ జడ్జికి పిటిషన్ వేశాను. రాస్తున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. బాత్రా తీర్పులో బదిలీ గురించిన మాట ఒక జైలు నుంచి ఇంకో జైలుకు పంపడం గురించి. ఇక్కడ జరిగింది అదే జైలులో బ్యారక్ మార్పు. ఆ మాట మీద ఆధారపడి ఉంటే ప్రభుత్వ న్యాయవాది ఒక్క వాక్యంతో తోసిపుచ్చేవారు. అందుకే సౌకర్యాల నిరాకరణ అన్న మాటను పట్టుకున్నాను. గ్రంథాలయం పని, దానికి వచ్చే కూలి, రాసుకునే వీలు, ఇవన్నీ పోయాయి కదా. అది శిక్ష అయితే శిక్షల రిజిస్టర్‌లో నమోదు ఉండాలి, జడ్జికి రెండు రోజుల్లోగా సమాచారం వెళ్లాలి. శిక్ష కాకపోతే కారణం కాగితం మీద ఉండాలి. ఈ రకం పని చేసే యువ న్యాయవాదులకు నేను చెప్పేది ఇదే. తీర్పు ఉద్దేశం మీద ఎంత ప్రేమ ఉన్నా, అది వాడిన మాటలు మీ వాస్తవాలకు ఎక్కడ అతుకుతాయో అక్కడే పట్టుకోండి.

జడ్జిగారు నోటీసు ఇవ్వడంతో పాటు తమ నెలవారీ తనిఖీకి తామే వచ్చారు. రిజిస్టర్ తెప్పించి చూశారు. ఆ పేరు మీద ఏ నమోదూ లేదు. ఖైదీని సిబ్బంది ఎవరూ లేకుండా విడిగా పిలిచి మాట్లాడారు. నేను కూడా బయటే నిలబడ్డాను, అదే సరైన పద్ధతి. వారంలోగా అతన్ని పాత బ్యారక్‌కు మార్చి గ్రంథాలయం పని తిరిగి ఇచ్చారు. ఎవరి మీదా చర్య ఏమీ లేదు. అది నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది, కానీ మా పిటిషన్ అడిగింది కూడా పునరుద్ధరణే.

వెళ్లే ముందు జడ్జిగారు ఫిర్యాదుల పెట్టె ఎక్కడుందని అడిగారు. ఉంది. సూపరింటెండెంట్ గది వరండాలో, గుమాస్తా బల్లకు ఎదురుగా, తాళంచెవి ఆ గుమాస్తా సొరుగులోనే. తెరిచి చూస్తే లోపల ఖాళీ. ములాఖత్ గదికి వెళ్లే దారిలో, రోజూ అందరూ నడిచే చోటుకు దాన్ని మార్పించారు. తాళానికి సీలు వేయించి, చెవి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి దగ్గర ఉండాలన్నారు. పదిహేను రోజులకు ఒకసారి కార్యదర్శి వచ్చి తెరుస్తారు, ఆ రోజు నేనూ ఉంటాను.

నా పద్ధతి కూడా మార్చుకున్నాను. ఇప్పుడు ఏ ఉత్తరమూ అసలుగా గానీ నకలుగా గానీ జైలు కార్యాలయానికి వెళ్లదు. అందులోని విషయాన్ని నా మాటల్లో, నా పేరు మీద, నేను జైలు సందర్శనలో తెలుసుకున్న విషయంగా రాస్తాను. వైద్యం లాంటివైతే ఆ బ్యారక్‌లో అందరి ఆరోగ్య వివరాలూ అడుగుతాను, ఒక్కరి గురించే అడిగితే ఎవరు చెప్పారో తెలిసిపోతుంది. చేతిరాత కూడా సంతకమేనని నేర్చుకున్నాను. జవాబు మాత్రం తప్పనిసరిగా రాసినవాడికే ఇస్తాను, పని కాకపోయినా సరే, ఎదురుగా కూర్చుని. జవాబు రాని ఉత్తరం రాసిన ఖైదీ రెండోది రాయడు.

మొదటి రెండుసార్లు పెట్టె తెరిచినప్పుడు ఏమీ లేదు. మూడోసారి ఒక చీటీ ఉంది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రవాడు ఒకడు ఉన్నాడని, తన కేసు ఏ కోర్టులో ఉందో, తనకు న్యాయవాది ఉన్నారో లేదో అతనికి తెలియదని, తెలుగు రాదని, రాత్రిళ్లు ఏడుస్తున్నాడని రాసి ఉంది. పేరు లేదు, నంబరు లేదు. గుండ్రటి అక్షరాలు, ఎడమ పక్క మార్జిన్ గీత.

కార్యదర్శి అది చదివి ఎవరు రాసి ఉంటారని అడిగారు. తెలియదన్నాను. రిజిస్టర్‌లో తేదీ వేసి 'పెట్టె, 1' అని రాసి, ఒడియా తెలిసిన న్యాయవాది కోసం ఫోను చేయడానికి బయటికి వచ్చాను.